బురుజు సందుల్లో సిమెంటు వద్దు

సంపాదకులకు,

ఓరుగల్లు రాతికోట బురుజులకు చేయబోతున్న ‘సుందరీకరణ’ గురించి మీరు వేసిన వార్త చదివాక ఊరుకోబుద్ధి కాలేదు. రాళ్ల సందులన్నీ సిమెంటుతో పూడిస్తే బురుజులు గట్టిపడతాయట. గట్టిపడవు, కూలతాయి.

ఆ గోడ ముఖాన సున్నం వాడలేదు. చెక్కిన గ్రానైటు దిమ్మెలు తమ బరువుతోనే ఒకదానిమీద ఒకటి నిలబడ్డాయి. వెనకున్నది మట్టి. వానకు అందులోకి దిగిన నీరు ఈ సందుల్లోంచే బయటికి రావాలి. వాటిని మూసేస్తే నీరు లోపలే ఉండిపోయి, నానిన మట్టి ముందు రాళ్లను నెడుతుంది. గోడకు ముందు పొట్ట వస్తుంది, తర్వాత ఏదో ఒక ముసురుకు వరసలకు వరసలే జారతాయి. అప్పుడు మళ్లీ సిమెంటే పోస్తారు!

చేయాల్సిన పని వేరే ఉంది. పైన నీరు నిలవకుండా వాటం సరిచేయాలి. రావి, జువ్వి మొక్కల్ని లేతగా ఉండగానే తీసేయాలి. ముదిరిన చెట్టును గుంజితే వేరుతోపాటు రాయీ వస్తుంది. దాన్ని మొదలంటా కోసి, మళ్లీ చిగురించకుండా చంపి, వేరు ఎండనివ్వాలి. పొట్ట వచ్చిన చోట ప్రతి రాయికీ నంబరు వేసి, ఫొటో తీసి, పై వరస నుంచి విప్పాలి. వెనక మట్టిని పలచటి పొరలుగా దిమ్మిస చేసి, నీరు దిగడానికి కంకర పట్టీ వేసి, ఏ రాయిని ఆ చోటే పెట్టాలి. ఇది శిల్పుల పని. రోడ్లూ కల్వర్టులూ కట్టే వాళ్లకు తక్కువ టెండరు చూసి ఇచ్చే పని కాదు. కానీ మన దగ్గర అన్ని పనులూ అలాగే ఇస్తున్నారు. చెరువు కట్టయినా అంతే, గుడి మండపమైనా అంతే.

ఇంకొకటి. ‘నవాబుల కాలపు బురుజులు’ అని రాశారు. గణపతిదేవుడు మొదలుపెట్టి, రుద్రమదేవి ఎత్తు పెంచిన గోడ అది. గోల్కొండ బురుజుల్లా గుండ్రంగా ఉండవు, చదరంగా 45 ఉన్నాయి. అగడ్తలోకి చొచ్చుకొచ్చి ఉండటం వల్ల గోడ మొదట్లోకి చేరిన శత్రువును రెండు పక్కల నుంచీ కొట్టవచ్చు. 1310లో ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫుర్ సేన బయటి మట్టికోటను దాటింది. రాతికోటను మాత్రం దాడితో తీసుకోలేదు, వ్యవహారం సంధితో ముగిసింది. కోట పడింది 1323లో, ఢిల్లీ యువరాజు ఉలుగ్ ఖాన్ చేతిలో. ఇంత చరిత్రను ఒక్క తప్పు మాటతో తుడిచేస్తే ఎలా? పేజీ అచ్చుకెళ్లేముందు చూసేవాళ్లు ఒకప్పుడు పత్రికల్లో ఉండేవారు.

రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం అని పురాతన కట్టడాల రక్షణకు తెచ్చిన 2010 సవరణ చట్టం చెబుతోంది. సామాన్యుడు ఇంటికి గోడ కట్టుకోవాలంటే ఈ చట్టాన్ని చూపించే అధికారులు, బురుజు మీదికే సిమెంటు ఎక్కుతుంటే అడ్డుచెప్పరా?

పని ఇంకా మొదలు కాలేదంటున్నారు. ఎస్టిమేటులో సిమెంటు ఎన్ని బస్తాలు రాశారో, ఎవరు ఆమోదించారో అడిగి మీ పత్రికలో వేయండి. కాలాన్ని తప్పు రాసినందుకు సవరణా వేయండి.

– ఒక పాఠకుడు, వరంగల్