40 డిగ్రీలు దాటాక సెస్నా విమానం లెక్క ఎవరు చెప్తారు?

ఎడిటర్ గారికి నమస్కారం,

ఎండలు ముదిరాక మీ పేపర్లో రోజూ వడదెబ్బ, మజ్జిగ, కరెంటు కోతలు అన్నీ వస్తున్నాయి, మంచిదే, కానీ ఈ ఎండకి చిన్న విమానాలు కూడా నీరసపడతాయని ఒక్క ముక్క ఎవరూ రాయట్లేదు. మా అబ్బాయి పైలట్ ట్రైనింగ్‌లో ఉన్నాడు కాబట్టి నాకీ గోల తెలిసింది.

గాలి వేడెక్కితే పల్చబడుద్ది కదా, దాంతో ఇంజిన్ పవర్ తగ్గుద్ది, ప్రొపెల్లర్‌కి పట్టు దొరకదు, రెక్కలకి లిఫ్ట్ (పైకి లేపే బలం) రావాలంటే ఇంకా స్పీడ్‌గా పరిగెత్తాలి, మూడు దెబ్బలూ ఒకేసారి. బేగంపేట ఎయిర్‌పోర్ట్ ఎత్తు 1,742 అడుగులు, ఆ ఎత్తులో స్టాండర్డ్ టెంపరేచర్, అంటే విమానాల లెక్కలకి ఆధారంగా పెట్టుకున్న వేడి, పదకొండున్నర డిగ్రీలే, మరి మేలో 42 కొట్టిందనుకోండి, ఎక్కువైన ఒక్కో డిగ్రీకి సుమారు 120 అడుగులు కలుపుకుంటూ పోతే విమానం లెక్కలో బేగంపేట 5,400 అడుగుల ఎత్తుకెళ్ళిపోద్ది. దీన్నే డెన్సిటీ ఆల్టిట్యూడ్ అంటారు. అరకు ఎత్తే సుమారు మూడు వేల అడుగులండీ!

ట్రైనింగ్‌కి వాడే చిన్న విమానం సెస్నా 172ఎస్ ఫుల్ వెయిట్‌తో సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీల్లో 960 అడుగులు పరిగెత్తి లేస్తది, ఇక్కడ మే మధ్యాహ్నం దగ్గర దగ్గర ఒకటిన్నర రెట్లు కావాలి. బేగంపేట రన్‌వే మూడు కిలోమీటర్ల పైమాటే కాబట్టి అక్కడ తేడా తెలీదు, రేపు ఇదే పిల్లోడు చివర్లో చెట్లూ కరెంటు తీగలూ ఉన్న చిన్న స్ట్రిప్ నుంచి లేవాల్సొస్తే తెలుస్తది.

ఇంకో సంగతి, మావాడి దగ్గరున్న విమానం హ్యాండ్‌బుక్‌లో టేకాఫ్ టేబుల్ చూశా. సున్నా, పది, ఇరవై, ముప్పై, నలభై డిగ్రీలు, అంతే, ఆ పక్కన కాలమ్ లేదు. మన దగ్గర 40 అంటే ఏప్రిల్‌లోనే దాటేస్తది. ఉన్న నంబర్లు కూడా గాలి లేనప్పుడు, పొడి రన్‌వే మీదవి, వెనక నుంచి గాలి కొడితే ప్రతి 2 నాట్స్‌కి (గంటకి సుమారు 3.7 కిలోమీటర్ల గాలి వేగం) పరుగు దూరానికి పది శాతం కలపాలని కిందే రాసుంది. 2017 జూన్‌లో అమెరికాలోని ఫీనిక్స్‌లో ఎండ 48 డిగ్రీల దగ్గరికొస్తే అది మా విమానాల లిమిట్ అని చెప్పి ఎయిర్‌లైన్స్ వాళ్ళు చిన్న జెట్ ఫ్లైట్లు డజన్ల కొద్దీ క్యాన్సిల్ చేశారు. మన ట్రైనింగ్ విమానాలకి ఆ గీత ఎవరు గీస్తారు? మావాడు అడిగితే అకాడమీలో "రన్‌వే పెద్దదే కదా, ఏం కాదులే" అన్నారట. ఫ్లయింగ్ అవర్స్ (ఎగిరిన గంటల లెక్క) కోసం లక్షలు కట్టిన స్టూడెంట్ ఇవాళ ఎగరను సార్ అని ఎలా అంటాడు చెప్పండి.

అందుకే విమానాలకి రూల్స్ పెట్టే డీజీసీఏ వాళ్ళకి నా రిక్వెస్ట్, 40 దాటితే ట్రైనింగ్ ఫ్లైట్లు ఆపేయమని రూల్ పెట్టండి, వేసవిలో తెల్లారుజామున మొదలుపెట్టి పదింటికల్లా ముగించమనండి, ఆ రోజు డెన్సిటీ ఆల్టిట్యూడ్ ఎంతో బోర్డు మీద రాశాకే కీస్ ఇవ్వమనండి. చాక్‌పీస్ ఖర్చు తప్ప ఏమవుద్ది?

ఇట్లు,
ఒక తండ్రి, బోయిన్‌పల్లి, సికింద్రాబాద్