వాకిట్లోనే మార్చిన ఆక్సిజన్ సెన్సర్

హన్మకొండ,
ఆదివారం రాత్రి.

ప్రియమైన మిత్రమా,

నీ కారులో కూడా చెక్ ఇంజిన్ లైటు వెలిగిందని, షెడ్డులో చెప్పిన ఖర్చు విని బండినే అమ్మేద్దామనుకుంటున్నావని చదివి ముందు నవ్వుకున్నాను, ఆ తరువాత ఈ కాగితం తీసుకున్నాను. ఏపీ 36 నంబరుతో తిరుగుతున్న మా 2012 నాటి పెట్రోలు కారుకు కూడా ఇదే జబ్బు చేసింది. పదిహేనేండ్ల రిజిస్ట్రేషన్ గడువు ముంచుకొస్తున్న బండి మీద ఏడు వేలు పెట్టడానికి మనసొప్పక, నిన్న పొద్దున మా వాకిట్లోనే రెండున్నర వేలలో పని ముగించాను.

లీటరుకు పదహారు వచ్చే మైలేజీ పన్నెండుకు దిగింది. సైలెన్సర్ గొట్టం లోపల వేలు పెట్టి చూస్తే కాటుకలాగా మసి అంటుకున్నది. బండి కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే బ్లూటూత్ స్కానరు పెడితే పీ0135 అని కోడ్ చూపించింది, అంటే ముందు వైపు ఆక్సిజన్ సెన్సర్‌లోని హీటర్ సర్క్యూట్‌లో లోపమన్నమాట. పొగ గొట్టంలో ఉండి, పొగలో మిగిలిన ఆక్సిజన్ ఎంతో ఇంజిన్ కంప్యూటర్‌కు చెప్పేదే ఈ సెన్సర్, ఆ లెక్కనే అది పెట్రోలు పోస్తుంది. ఈ సెన్సర్ సుమారు 300 డిగ్రీలు వేడెక్కితే గాని సరిగ్గా పనిచేయదు. అందుకే లోపల చిన్న హీటర్ ఉంటుంది. అది కాలిపోతే, కాజీపేట దాకా వెళ్లి వచ్చే చిన్న ప్రయాణాల్లో సెన్సర్ వేడెక్కేలోపే ఇల్లు వస్తుంది, ఈలోగా ఇంజిన్ కంప్యూటర్ గుడ్డి లెక్కన పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది.

అయితే కోడ్ చెప్పింది సర్క్యూట్ గురించే గాని సెన్సర్ గురించి కాదు. షెడ్డులో ఈ తేడా చూడకుండానే సెన్సర్‌తో పాటు, పొగలోని విష వాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ కూడా మార్చాలన్నారు! నేను ముందు ఫ్యూజు చూశాను, బాగానే ఉన్నది. ఇంజిన్ నడుస్తుండగా బండి వైపు ప్లగ్గులో హీటర్‌కు 12 వోల్టుల కరెంటు వస్తున్నదా చూశాను, వస్తున్నది. ఇంజిన్ ఆపి సెన్సర్ వైపు రెండు హీటర్ తీగల మధ్య మల్టీమీటర్ పెడితే ముల్లు కదలలేదు. మా నాన్న రేడియో రిపేరుకు వాడిన ముల్లు మీటరు నా దగ్గర ఇంకా ఉన్నదని నీకు తెలుసు కదా. కొత్తదానికి పెడితే కొద్ది ఓమ్‌లు చూపించింది. అప్పుడు గాని అనుమానం తీరలేదు.

అసలు యుద్ధం ఊడదీయడంలోనే. పన్నెండేండ్లకు పైగా పొగ గొట్టం వేడికి కాలిన మర అది, మామూలు 22 నంబరు పానా వేస్తే అంచులు అరిగిపోతాయి. తీగ ఇరుక్కోకుండా పక్కన చీలిక ఉన్న సాకెట్టు మూడు వందల యాభైకి దొరికింది. ముందు రోజు రాత్రి తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచాను. తెల్లవారి ఇంజిన్‌ను ఐదు నిమిషాలు నడిపి ఆపాను. గొట్టం వెచ్చగా ఉన్నప్పుడు మర తొందరగా వదులుతుంది, బాగా కాలినప్పుడు చేయి పెడితే మాత్రం వేళ్లే వదులుకోవాలి. బ్యాటరీ నెగెటివ్ తీసి, హ్యాండిల్‌కు ఇనుప గొట్టం తొడిగి లాగితే, అటుకులు నమిలినట్టు కరకరమని, చివరకు టక్కున వదిలింది. ఆ చప్పుడుకు అమ్మ లోపలి నుంచి పరుగెత్తుకొచ్చింది.

కొత్తది యూనివర్సల్ రకం, అంటే ప్లగ్గు లేకుండా వచ్చేది, చవక. పాతదాని ప్లగ్గు కోసి దీని తీగలకు కలపాలి. రంగులు చూసి కలపకు: బాష్ కంపెనీ సెన్సర్‌లో హీటర్ తీగలు తెల్లవి, డెన్సో కంపెనీదానిలో నల్లవి, కాబట్టి డబ్బాలోని పటం ప్రకారమే కలపాలి. నేను అలవాటు కొద్దీ సోల్డరింగ్ కడ్డీ వేడిచేయబోయి ఆగిపోయాను. పొగలోని ఆక్సిజన్‌తో పోల్చుకోవడానికి సెన్సర్‌కు కావలసిన బయటి గాలి ఆ తీగల సందుల గుండానే వెళ్తుందట, సోల్డర్ పోస్తే దారి మూసుకుపోతుంది. నొక్కే కనెక్టర్లే వాడాలి. మరకు పూసే జిడ్డు సెన్సర్ కొసకు తగలనివ్వకు.

కోడ్ చెరిపి నడిపితే, స్కానరు తెరమీద గీత 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య ఉయ్యాలలాగా ఊగుతున్నది, అంటే సెన్సర్ పనిచేస్తున్నట్టే. మైలేజీ సంగతి ట్యాంకు నింపి చూస్తే గాని చెప్పలేను.

నీవు సెన్సర్ ఇప్పుడే కొనకు. వచ్చే ఆదివారం కరీంనగర్ వస్తున్నాను కదా, మీటరు, సాకెట్టు డిక్కీలో వేసుకొస్తాను, ముందు ఫ్యూజు చూద్దాం. చెల్లెమ్మను సర్వపిండి చేసి ఉంచమని చెప్పు.

ఇట్లు,
నీ మిత్రుడు