రాత్రి పదకొండింటికి ఫోన్ చేసిన ఆ సార్‌కి కృతజ్ఞతలు

పొద్దున ఆరు దాటింది. చివరి కాగితం ఇప్పుడే ప్రింటర్లోంచి వచ్చింది. కళ్లు మూతలు పడుతున్నాయి, అయినా ఇది రాశాకే పడుకుంటాను.

శిక్షణ పూర్తి చేసిన 260 మందికి ఇవాళ మార్కుల పత్రాలు అందాలి. డేటాబేస్‌లో ఫారం డిజైన్ చేసింది నేనే. స్క్రీన్ మీద అంతా చక్కగా ఉంది. ప్రింట్ ఇస్తే మాత్రం ఒక పత్రం, ఒక తెల్ల కాగితం, మళ్లీ ఒక పత్రం, మళ్లీ తెల్ల కాగితం. 260కి 520 పేజీలు! సెక్షన్ (అంటే ఫారంలోని భాగం) వెడల్పు పేజీ వెడల్పు కన్నా ఎక్కువుందని ఒక మెసేజ్. ఎక్కడ ఎక్కువుందో ఎంత చూసినా అర్థం కాలేదు.

డబ్బు కట్టి తీసుకున్న సపోర్ట్‌కి మూడుసార్లు ఫోన్ చేశాను. మూడుసార్లూ కొత్త మనిషి, మూడుసార్లూ మొదటి నుంచి చెప్పుకోవడం, ప్రింటర్ డ్రైవర్ (ప్రింటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) తీసేసి మళ్లీ వేయమనడం. చివరికి నా ఫిర్యాదు టికెట్ మూసేశారు. సమస్య తీరకుండా మూసేయడం ఏం న్యాయం? మార్జిన్లు కూడా కలిపి చూసుకోమని ఆ మెసేజ్‌లో ఒక్క ముక్క ఉన్నా ఇంత టెన్షన్ ఉండేది కాదు.

రాత్రి పదకొండింటికి, ఒకరిచ్చిన నంబరుకు మెసేజ్ పెట్టాను. ఐదు నిమిషాల్లో ఆయనే ఫోన్ చేశారు. "కంగారు పడకండి. ఫారం వెడల్పు, ఎడమ మార్జిన్, కుడి మార్జిన్ ఎంతెంత?" 18.4, 1.9, 1.9. "కలపండి." 22.2. ఏ4 కాగితం వెడల్పు 21 సెంటీమీటర్లే! ఆ మిగులు ఖాళీయే ప్రతిసారీ ఇంకో పేజీగా వస్తోంది. నిన్న సంతకం పెట్టెను కుడివైపుకి లాగి, నచ్చక వెనక్కి జరిపాను. పెట్టె వెనక్కి వచ్చింది గానీ, దాంతోపాటు సాగిన ఫారం అంచు అక్కడే ఉండిపోయింది. అంచును 17కి లాక్కొచ్చాను. మార్జిన్లతో 20.8. తెల్ల కాగితాలు ఆగిపోయాయి.

అక్కడితో ఆయన ఫోన్ పెట్టేయొచ్చు. పెట్టలేదు. ముందు ఐదు పత్రాలే తీయమని, అవి సరిగ్గా వచ్చేదాకా లైన్లోనే ఉన్నారు. ఇంత చిన్నదానికి ఇబ్బంది పెట్టాను సార్ అంటే, "చిన్నదేం కాదమ్మా, ఇదే పొరపాటుతో నేనూ రెండు రోజులు కాగితాలు పాడుచేశాను" అన్నారు. పొద్దున్నించీ బిగబట్టుకున్న ఏడుపు అప్పుడు ఆగలేదు. నేను తేరుకునేదాకా ఏమీ మాట్లాడకుండా ఆగారు. డబ్బు మాటెత్తితే పేరు కూడా చెప్పలేదు. సార్, మీకు చేతులెత్తి దండం పెడుతున్నాను.

ఇంట్లోవాళ్లు ఎప్పటిలాగే తోడున్నారు. మా ఆయన రాత్రంతా పత్రాలు వరుసలో పెట్టారు.

అయ్యో, ఆయన నంబరు ఇచ్చిన పాత కొలీగ్‌ని మరిచేపోయాను, థాంక్స్ అక్కా. కాగితం అయిపోతే తన దగ్గరున్న కట్ట తెచ్చిచ్చిన పక్క సెక్షన్ మేడమ్‌కి కూడా. ఇంకా, తెల్లవార్లూ ఆఫీసు తెరిచి ఉంచిన వాచ్‌మన్ అన్నకి.