చి. కిట్టుకి, రెండు ఆవకాయ సీసాలతో

విశాఖపట్నం,
20 మే 2025

చి. కిట్టుకి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. నాన్నగారి మోకాలు పరవాలేదు, మెట్ల దగ్గరే పేచీ. పంపు మోటారు మళ్ళీ కాలింది. శేషు మావయ్య హైదరాబాదు వస్తున్నాడని ఆవకాయతో పాటు ఈ నాలుగు ముక్కలు. నీ గొంతు విని పన్నెండు రోజులైంది. ఆఫీసులో పని ఎక్కువై ఉంటుందని నాన్నగారన్నారు, నేనూ అదే అనుకుంటున్నాను. నువ్వూ, నీ గదిలో ఉండే సలీమూ మాట్లాడుకోవడం లేదని పద్మ చెప్పిందని మాత్రం రాయడం లేదు.

ఏడో తారీఖున ఇక్కడ మాక్ డ్రిల్ అయింది. సైరన్ మోగితే పక్కింటి పిల్లలు మేడెక్కి వీడియోలు తీశారు. వాళ్ళ వెనకే నాన్నగారూ ఎక్కారు, అప్పుడు మోకాలు గుర్తు రాలేదు. నా చెయ్యి మాత్రం నన్నడక్కుండానే వెళ్ళి స్విచ్చు ఆర్పేసింది. 1971 యుద్ధమప్పుడు పదేళ్ళదాన్ని, సైరన్ మోగితే దీపాలార్పడం అప్పటి అలవాటు.

కోపం రాకూడదని నేననను. పహల్గాంలో ఉగ్రవాదుల కాల్పుల్లో పోయినవాళ్ళలో మన ఊరాయనా ఉన్నారు. పేపరు తీసి చూసి ఆ పూట నేనూ అన్నం తినలేదు. కానీ నీ స్టేటస్సులు చూశాను నాన్నా. ‘నామరూపాల్లేకుండా చేయండి’ అని పెట్టావు. చిన్నప్పుడు చీమల మందు చల్లనివ్వని పిల్లాడివి.

సరే, పద్మ చెప్పింది రాసేస్తాను, లేకపోతే నాకు నిద్ర పట్టదు. టీవీలో పాకిస్తాను మీద మన దాడులు చూస్తూ సలీంతో ‘మావాళ్ళు ఎలా కొట్టారో చూశావా’ అన్నావట. నిజమేనా? ముప్ఫై ఏళ్ళు తెలుగు చెప్పినదాన్ని, ఈ ఒక్కటీ చెప్పి ఊరుకుంటాను. ఇంగ్లీషులో ‘వియ్’ ఒక్కటే. ఎదుటివాణ్ణి కలుపుకుందో లేదో ఆ మాట పైకి చెప్పదు. మనకి ఆ చాటు లేదు. ‘మన’ అంటే వింటున్నవాడూ లోపలే, ‘మా’ అంటే వాడు గడప అవతల. ఆరో తరగతికి బోర్డు మీద గిరి గీసి మరీ చెప్పేదాన్ని. నువ్వు ‘మనవాళ్ళు’ అని ఉంటే వాడు నీ పక్కనే కూచుని పల్లీలు తినేవాడు. నరసరావుపేట పిల్లాడు, ఇంజినీరింగులో ఉండగా మనింటికొచ్చి నీకు రాని పద్యం నాకు అప్పజెప్పినవాడు. వాడికి మావాళ్ళెవరు, మీవాళ్ళెవరు?

తాతగారు చెబుతుండేవారు. రాయబారం సీనులో కృష్ణుడు సంధి మాటలాడుతున్నంతసేపూ జనం బీడీలు కాలుస్తూ కూచునేవారట. యుద్ధం సంగతెత్తి పద్యం అందుకోగానే వన్స్ మోర్లు. ఆయనా అరిచేవారనుకో.

అమ్మమ్మ అరిచే రకం కాదు. ఆవు సంగతి నీకెప్పుడైనా చెప్పానా? 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు మన రేవు మీద బాంబులేశాయి. అదే రోజు కాకినాడ మీదా వేశాయి. ఊరు ఊరంతా లేచిపోయింది. వాళ్ళిల్లు అప్పుడు వన్ టౌన్లో. అమ్మమ్మకి పదకొండేళ్ళు. తమ్ముణ్ణి చంకనేసుకుని నడిచి పెందుర్తి చేరారు. రాగిబిందె తెచ్చారు, దేవుడి పటం తెచ్చారు, రోకలి కూడా తెచ్చారట, ఎందుకో! ఆవు పలుపు విప్పడం ఎవరికీ తట్టలేదు. నాలుగు రోజులకి వాళ్ళ నాన్న వెనక్కెళితే అది మెడంతా కోసుకుని గుంజ దగ్గరే పడి ఉంది. బాంబు దాని దరిదాపుల్లో కూడా పడలేదు.

71లో డిసెంబరు మూడు అర్ధరాత్రి సముద్రం వేపు పెద్ద చప్పుడైంది, కిటికీ అద్దాలు గలగలలాడాయి. కొన్నాళ్ళకి పేపర్లో వచ్చింది, పాకిస్తాను సబ్‌మెరీన్ ఘాజీ మన రేవు బయటే మునిగిందని. మేమే ముంచామని మన నేవీ, లోపలే ఏదో పేలిందని వాళ్ళూ ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఆ రోజు మా వీధిలో మిఠాయిలు పంచారు. నేను రెండు తిన్నాను. తాతగారు ‘శత్రువులు జలసమాధి’ అని పైకి చదువుతుంటే అమ్మమ్మ బియ్యం ఏరుతూ, ‘సమాధి మనుషులు కడతారు కదేటి? మునిగిపోయారనండి’ అంది. ఎంతమంది అని అడిగింది. తొంభై మందికి పైనే. ‘తలుపులు లోపల్నుంచి రావా?’ అంత లోతున ఎక్కడ వస్తాయన్నారు తాతగారు. ఆవిడ చేట పక్కన పెట్టేసింది. ‘అయితే పలుపెవులూ విప్పలేదన్నమాట.’

మనవాళ్ళు గెలిచారని ఆవిడకీ సంతోషమే. బీచిలో విజయస్తూపం కట్టాక నిన్నెత్తుకుని వెళ్ళి చూపించింది కూడా, నీకు గుర్తుండదు. ఆ గెలుపు మాత్రం సలీం వాళ్ళదీ కదా కిట్టూ.

మళ్ళీ అక్కడికే వచ్చాను. ఉపన్యాసం అంటావు, చాలిస్తున్నాను. రాత్రి పెరుగన్నం తింటున్నావా? బయట నూనె పదార్థాలు తగ్గించు, నీకు అసలే పడవు.

ఎర్రమూత సీసా నీది. నీలంమూతది వెల్లుల్లి వేసింది, సలీంకి. మావయ్య ఇస్తానన్నాడు గానీ నేనే వద్దన్నాను, నువ్వే ఇవ్వు. వాడు గదిలో లేకపోతే ఎక్కడున్నాడో కనుక్కుని వెళ్ళు. మూడో రోజు కలిపి చూసి, నూనె పైకి తేలకపోతే నాకు ఫోన్ చెయ్యి. తేలినా చెయ్యి. తడి గరిటె పెట్టొద్దని వాడికి చెప్పు, పోయినేడు బూజు పట్టించాడు.

అమ్మ