కండెన్సర్ మైక్ మరమ్మతులో తప్పుడు నిర్ధారణపై ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగాధిపతి గారికి,

విషయం: మరమ్మతు తర్వాత కూడా మైక్‌లో పాత లోపమే ఉండటం, అనవసరంగా క్యాప్సూల్ (ధ్వనిని విద్యుత్ సంకేతంగా మార్చే భాగం) మార్చి రుసుము తీసుకోవడం గురించి.

అయ్యా,

మీ సంస్థ తయారుచేసిన కండెన్సర్ మైక్‌ను గాత్ర రికార్డింగుకు వాడుతున్నాను. గాలిలో తేమ పెరిగిన రోజుల్లో అందులో పటపటమనే శబ్దం రావడం, గొంతులోని మంద్రం పలచబడటం గమనించి దాన్ని మీ సర్వీస్ కేంద్రానికి పంపాను. మొదటిసారి, లోపం మైక్‌లో లేదనీ, నా మిక్సర్ కేబుల్ ద్వారా మైక్‌కు అందించే విద్యుత్తు, అంటే ఫాంటమ్ పవరే సరిగా లేదనీ రాసి తిప్పి పంపారు. రెండోసారి క్యాప్సూల్ చెడిపోయిందంటూ కొత్తది వేసి, దాని ఖరీదు నా చేత కట్టించుకున్నారు. ఆ తర్వాత కురిసిన తొలి వానకే పాత శబ్దం మళ్లీ మొదలైంది.

వారంటీ గడువు ఎలాగూ ముగిసింది కనుక ఈసారి మైక్‌ను నేనే విప్పి పరీక్షించాను.

ముందుగా ఫాంటమ్ పవర్ సంగతి. మిక్సర్‌లోని 48 వోల్టులు 6.8 కిలో ఓముల రెసిస్టర్లు రెండింటి గుండా మైక్ కేబుల్‌లోని 2, 3 పిన్నులకు చేరతాయి. మైక్ తగిలించి ఉండగా 1వ పిన్నుతో పోల్చి కొలిస్తే రెండింటిలోనూ 34.4 వోల్టులే కనిపించాయి. అంటే ఒక్కో రెసిస్టర్ దగ్గర 13.6 వోల్టులు తగ్గి, ఒక్కో తీగలో 2 మిల్లీ ఆంపియర్ల కరెంటు సమానంగా పారుతోంది; ఫాంటమ్ పవర్ సరిగానే ఉంది. మల్టీమీటర్ ఉన్నవారెవరైనా నిమిషంలో తేల్చగల విషయమిది.

తర్వాత క్యాప్సూల్ తీగ ఊడదీసి, దాని స్థానంలో 56 పికోఫారడ్ల కెపాసిటర్ పెట్టి, హమ్ రాకుండా లోహపు గొట్టం మళ్లీ బిగించి విన్నాను. క్యాప్సూలే లేకపోయినా పటపట ఆగలేదు. మీరు ఖరీదు కట్టించుకున్న భాగానికి ఈ లోపంతో సంబంధం లేదనడానికి ఇంతకు మించిన రుజువు అక్కరలేదు.

అసలు కారణం క్యాప్సూల్ సంకేతాన్ని అందుకునే ట్రాన్సిస్టర్ (ఫెట్) గేట్ చుట్టూ బోర్డుపై మిగిలిపోయిన సోల్డరింగ్ ఫ్లక్స్, అంటే టంకం వేసేటప్పుడు వాడే పదార్థం. అక్కడి రెసిస్టర్ విలువ 1 గిగా ఓమ్. సుమారు 60 పికోఫారడ్ల క్యాప్సూల్‌తో కలిసినప్పుడు అది 3 హెర్ట్జ్ లోపు మాత్రమే శబ్దాన్ని తగ్గిస్తుంది. తేమ పీల్చిన ఫ్లక్స్ గుండా కరెంటు కారి ఆ నిరోధం ఏ 20 మెగా ఓములకో పడిపోతే, కోత 130 హెర్ట్జ్ దాకా పాకి మంద్రాన్ని మింగేస్తుంది. ఆ కారడం నిలకడగా ఉండదు కనుకనే పటపట. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఆ చోటు కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, వేలు తగలకుండా బిగించాక వరుసగా నాలుగు ముసురు రోజుల్లోనూ శబ్దం రాలేదు. క్యాప్సూల్ మార్చినప్పుడు మీ సాంకేతిక నిపుణుడు ఆ బోర్డును చూడకుండా ఎలా ఉండగలిగారో నాకు అంతుపట్టడం లేదు.

కాబట్టి క్యాప్సూల్ ఖరీదునూ, రెండు మరమ్మతుల రుసుమునూ తిరిగి చెల్లించవలసిందిగా, నాకు చెందిన పాత క్యాప్సూల్‌ను వెనక్కి పంపవలసిందిగా కోరుతున్నాను. రెండుసార్లు అడిగినా ఇవ్వని సర్క్యూట్ పటాన్ని కూడా పంపండి. కొలతల వివరాలు, కడగకముందు తీసిన బోర్డు ఫొటోలు ఈ లేఖతో జతచేశాను. పదిహేను రోజుల్లోగా లిఖితపూర్వకంగా జవాబివ్వగలరు.

ఇట్లు,
మీ వినియోగదారుడు