నూనె, పప్పు, గ్యాస్: సరుకు ఆగకముందే ఇల్లు సర్దుకుందాం

తల్లిదండ్రులకు నమస్కారం.

పరీక్షల టైమ్‌టేబుల్, యూనిఫాం కొలతల వివరాలు వెనక పేజీలో ఉన్నాయి, చూసుకోండి. ఈ పేజీ మాత్రం వంటింటి సరుకుల గురించి రాస్తున్నాను. మా వంటింటితో హెడ్మిస్ట్రెస్‌కి పనేమిటి అనుకోకండి. ఇంట్లో నూనె ప్యాకెట్ కొనడం బరువైన నెలలో ఆ సంగతి బడిలో మాకు వెంటనే తెలిసిపోతుంది. క్యారేజీలో కూర బదులు పచ్చడి మెతుకులు కనిపిస్తాయి, పొద్దున ఏమీ తినకుండా వచ్చిన పిల్ల ప్రార్థన లైన్లోనే కళ్లు తిరిగి కూర్చుండిపోతుంది, ఏమైందమ్మా అని అడిగితే ఆకలి లేదు మేడమ్ అంటుంది.

2022 గుర్తు చేసుకోండి. ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీద యుద్ధానికి దిగింది. అప్పటికి మన దేశానికి వచ్చే పొద్దుతిరుగుడు నూనెలో ఎక్కువ భాగం ఉక్రెయిన్‌దే. అక్కడి రేవులు మూతపడేసరికి ఇక్కడ మన వీధి చివర కొట్లో సన్‌ఫ్లవర్ ప్యాకెట్ రేటు మారిపోయింది. పోనీ పామాయిల్‌తో సరిపెట్టుకుందాం అనుకునేలోపు ఏప్రిల్ 28న ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులు ఆపేసింది. మే 23న మళ్లీ వదిలింది. నెల కూడా తిరగలేదు, అయినా ఆ కొద్ది రోజుల్లోనే ఎంత టెన్షన్ పడ్డామో మీకు తెలుసు.

మన ఏలూరు జిల్లాలో ఎటు చూసినా పామాయిల్ తోటలే, మరి నూనెకి మనకేం కొరత అని కొందరు అడుగుతుంటారు. ఆయిల్‌పామ్ సాగులో దేశంలో మన రాష్ట్రమే ముందుంది, నిజమే, కానీ దేశం మొత్తం వాడకం ముందు మన గెలల నుంచి వచ్చే నూనె చాలా కొంచెం, పైగా దాని ధర కూడా ప్రపంచ మార్కెట్ ఎటు పోతే అటే పోతుంది. 2022 వేసవిలో టన్ను గెలల ధర 20 వేలు దాటింది. తోట ఉన్న ఇంట్లో సంతోషం, అదే తోటలో గెలలు కోసి మోసే కూలీ ఇంట్లో నూనె కొనలేని బాధ. రెండిళ్ల పిల్లలూ మన బడిలో ఒకే బెంచీ మీద కూర్చుంటారు. అందుకే ఇది అందరం కలిసి ఆలోచించాల్సిన విషయం అంటున్నాను.

ఒక్క నూనే కాదు. మనం తినే కందిపప్పులో కొంత మొజాంబిక్, టాంజానియా, మయన్మార్ నుంచి వస్తుంది, మినుములు కూడా మయన్మార్ నుంచి దిగుతాయి. వంట గ్యాస్‌లో దాదాపు 60 శాతం దిగుమతే, అందులో చాలావరకు గల్ఫ్ దేశాల నుంచి, ఇరాన్ పక్కనున్న ఇరుకైన సముద్రపు దారి హోర్ముజ్ జలసంధి దాటి రావాలి. 2025 జూన్‌లో ఇరాన్, ఇజ్రాయెల్ గొడవ జరిగిన ఆ పన్నెండు రోజులూ ఆ దారి మూసేస్తారేమో అని ప్రపంచమంతా భయపడింది. యుద్ధమే అక్కర్లేదు, ఒక్కోసారి పన్ను మారినా చాలు. 2024 సెప్టెంబర్‌లో ముడి వంటనూనెల మీద దిగుమతి సుంకం అన్నీ కలిపి 5.5 శాతం నుంచి 27.5 శాతానికి పెరిగింది, అంతకుముందు పండక్కి కొన్న రేటుకి ఆ దసరాకి దొరకలేదు. 2025 మే చివర్లో మళ్లీ కొంత తగ్గించారు.

నేను అడిగేది ఒక్కటే. సరుకు బాగా దొరికే నెలల్లో, నెలకి ఒక ప్యాకెట్ చొప్పున, కాస్త ముందుగా పెట్టుకోండి. సరుకు అయిపోతోందని వాట్సాప్‌లో మెసేజ్ వచ్చిన రోజు మాత్రం కొట్టు మీదకి పరిగెత్తకండి. 2020 మార్చిలో లాక్‌డౌన్ అనగానే ఏం జరిగిందో చూశాం కదా. చేతిలో డబ్బున్నవాళ్లు బస్తాలు, డబ్బాలు ఎత్తుకుపోతే సాయంత్రం కూలి డబ్బుతో పావు లీటరు నూనె కోసం వచ్చిన మనిషికి ఏమీ మిగల్లేదు. ముందు నుంచీ కొంచెం కొంచెం పెట్టుకున్నవాళ్లకి ఆ రోజు లైన్లో నిలబడాల్సిన పనే ఉండదు, ఆ ప్యాకెట్ ఇంకొకరికి మిగులుతుంది.

ఎంత పెట్టుకోవాలి అంటే, నెలవారీ సరుకు మీద ఇంకో పదిహేను రోజులకి సరిపడా చాలు. అంతకు మించి వద్దు, నూనె నిలవుంటే మడ్డివాసన వస్తుంది, పప్పు పుచ్చిపోతుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం పెద్ద మనిషికి రోజుకి 27 గ్రాముల నూనె సరిపోతుంది. నలుగురు పెద్దవాళ్లున్న ఇంటికి లెక్కేస్తే నెలకి దాదాపు మూడున్నర లీటర్లు. మీ ఇంట్లో ఆరేడు లీటర్లు అవుతోందా? అయితే ముందు వాడకం తగ్గించండి, నిల్వ సంగతి తర్వాత. కొనేటప్పుడు ప్యాకెట్ వెనక బరువు చదవండి. లీటరు నూనె అంటే సుమారు 910 గ్రాములు, చూడటానికి లీటరు ప్యాకెట్‌లాగే ఉండి లోపల 850 గ్రాములో 750 గ్రాములో ఉండేవి చాలా వస్తున్నాయి. మీ అబ్బాయినో అమ్మాయినో కొట్టుకి తీసుకెళ్లి వాళ్లచేతే చదివించండి. ఎప్పుడూ ఒకే రకం నూనెకి కట్టుబడకుండా వేరుశనగ, నువ్వుల నూనె, తవుడు నూనె కూడా మార్చి మార్చి వాడితే ఒక రకం దొరకనప్పుడు వంట ఆగదు, పిల్లలు కూడా రుచి మారిందని కంచం తోసేయరు.

పప్పు దగ్గర మనకి ఇంకా సులువు. కంది ప్రియమైతే పెసరపప్పు, శనగపప్పు ఉన్నాయి, అలసందలు ఉన్నాయి, ఉలవలు ఉన్నాయి. ఉలవచారు పెళ్లిళ్లలో లొట్టలేసుకుంటూ తింటాం గానీ ఇంట్లో కాచడం తగ్గిపోయింది, వారానికి ఒక్కసారి పెట్టండి. పప్పు నిల్వ చేసేటప్పుడు బాగా ఎండబెట్టి, మన పెద్దవాళ్లు చేసినట్టు కొద్దిగా ఆముదం పట్టించి డబ్బాలో పోయండి, వండే ముందు రెండుసార్లు కడిగితే సరిపోతుంది. బియ్యంలో బోరిక్ పౌడర్ కలిపే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది, దయచేసి మానేయండి. అది విషం, చిన్నపిల్లలున్న ఇంట్లో అసలు ఉండకూడదు. ఎండిన వేపాకు చాలు.

గ్యాస్ విషయంలో కాస్త గట్టిగానే చెబుతున్నాను. రెండు సిలిండర్ల కనెక్షన్ ఉన్నవాళ్లు ఒకటి ఖాళీ అయిన రోజే బుక్ చేయండి, రెండోది కూడా అయిపోయేదాకా ఆగకండి. బ్లాకులో కొనడం, చిన్న సిలిండర్లలోకి కొట్టు దగ్గర గ్యాస్ ఎక్కించుకోవడం వద్దు, ఒక్క లీకు చాలు ఇల్లు కాలిపోవడానికి. పెట్రోలు సీసాల్లో పట్టి మంచం కింద పెట్టడం కూడా అంతే. పొదుపు చేయాలంటే పప్పు అరగంట నానబెట్టి కుక్కర్‌లో పెట్టండి, గిన్నె మీద మూత వేయండి. కట్టెల పొయ్యి వాడాల్సి వస్తే ఆరుబయట వెలిగించండి, పసిపిల్లల్ని పొగలో కూర్చోబెట్టకండి.

ఇంట్లో బీపీ, షుగర్ మాత్రలు వేసుకునే పెద్దవాళ్లుంటే రెండు వారాల మందులు ముందుగా ఉంచండి. మన దేశం దిగుమతి చేసుకునే మందుల ముడిపదార్థాలు చాలావరకు చైనా నుంచే వస్తాయి. గడువు తేదీ చూసి, పాతవి ముందు వాడండి.

పిల్లల ముందు మాత్రం "అయ్యో, అన్నీ అయిపోతున్నాయంట" అని మాట్లాడకండి. ఏడో తరగతి పిల్లలకి పోయిన వారం లెక్కల పీరియడ్‌లో ఇంటి నూనె లెక్క వేయించాం. ఒక అబ్బాయి మా ఇంట్లో ప్యాకెట్ ఎన్ని రోజులొస్తుందో అమ్మని అడిగి రాస్తానని సగం గడులు ఖాళీగా ఉంచి తీసుకెళ్లాడు, మర్నాడు అన్నీ నింపి తెచ్చాడు, కింద పెన్సిల్‌తో "అప్పడాలు వేయించిన రోజు ఎక్కువ" అని కూడా రాశాడు. పిల్లలకి చేతిలో పని ఉంటే భయం దగ్గరికి రాదు. అదే లెక్క కాగితం ఈ వార్తాలేఖతో ఇంటింటికీ పంపుతున్నాం, మీరూ పక్కన కూర్చుని నింపించండి.

ఇక నిజంగా ఇబ్బందిలో ఉన్నవాళ్లకి ఒక మాట. మధ్యాహ్న భోజనం మన పిల్లలందరి హక్కు. కొందరు పరువుకి పోయి క్యారేజీ పంపి, పిల్లల్ని బడిలో తిననివ్వడం లేదు. సరుకు ప్రియమైన రోజుల్లోనైనా తిననివ్వండి, వేడి అన్నం, గుడ్డు దొరుకుతాయి. ఏం వండారో చూడాలనిపిస్తే మీరే మధ్యాహ్నం వచ్చి పిల్లల పక్కన కూర్చుని రుచి చూడండి, ఎవరూ కాదనరు. పొద్దున ఇంట్లో తినడానికి ఏమీ లేని రోజు ఉంటే నాకు గానీ క్లాస్ టీచర్‌కి గానీ చెప్పండి, విషయం మా దగ్గరే ఉంటుంది.

నింపిన కాగితాలు శుక్రవారంలోగా పిల్లలతో పంపండి. పేరు రాయక్కర్లేదు, తరగతి రాస్తే చాలు. వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో అన్నీ కలిపి చూసి, వీధిలో నాలుగైదు ఇళ్లు కలిసి పప్పు, నూనె టోకున తెచ్చుకునే వీలుందేమో మాట్లాడుకుందాం. కిరాణా కొట్టు నడిపే తల్లిదండ్రులు ఆ రోజు తప్పకుండా రండి, మీ మాట మాకు కావాలి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు