కుళాయి బిగించాక నిర్వహణ ఎవరిది?

సంపాదకులకు నమస్కారం.

గ్రామాల్లో రక్షిత మంచినీటి పథకాల గురించి జరుగుతున్న చర్చ అంతా ఎన్ని ఇళ్లకు కుళాయిలు బిగించారన్న లెక్క చుట్టూనే తిరుగుతోంది. ఆ కుళాయిల్లో ఐదేళ్ల తరవాత కూడా నీళ్లు రావాలంటే ఏటా అయ్యే ఖర్చును ఎవరు భరించాలన్నది మాత్రం ఎవరికీ పట్టడం లేదు. ఒక విడత వార్డు సభ్యుడిగా ఉండి, పంచాయతీకి వచ్చే బిల్లులను దగ్గర నుంచి చూసినవాడిగా ఈ లేఖ రాస్తున్నాను.

2019 ఆగస్టు 15న పల్లెల్లో ఇంటింటికీ కుళాయి నీరిచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్‌ను ప్రకటించేనాటికి దేశంలోని గ్రామీణ కుటుంబాల్లో 3.23 కోట్ల ఇళ్లకే కుళాయి ఉండేది. ఇప్పుడా సంఖ్య 15 కోట్లు దాటింది. ఇది సామాన్యమైన పని కాదు. చంకన బిందెతో చెరువు దాకా నడిచిన తల్లులున్న ఇళ్లలో పుట్టిన మాబోటివాళ్లం దీన్ని తక్కువ చేసి మాట్లాడలేము. అయితే పథకం నిబంధనల ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్ల చొప్పున, నిర్దేశించిన నాణ్యతతో, క్రమం తప్పకుండా నీరు అందితేనే అది పనిచేసే కనెక్షన్. 2022లో కేంద్రం జరిపించిన సర్వేలో ఈ మూడూ నెరవేరిన ఇళ్లు 62 శాతమేనని తేలింది.

ఐదుగురున్న ఇంటికి 55 లీటర్ల లెక్కన రోజుకు 275 లీటర్లు రావాలి. అంటే పదిహేను లీటర్ల బిందెలు పద్దెనిమిది. మా ఊరి చివరి వీధిలో నేలకు మోకాలెత్తున బిగించిన కుళాయికి ధార అందదు కాబట్టి, గొట్టాన్ని కిందకి కోసి, రెండడుగుల గుంత తవ్వి, బిందెను అందులోకి దించి పట్టుకుంటున్నారు. గంటసేపు కాచుకుంటే నాలుగు బిందెలు నిండుతాయి. వాన పడిన రోజు ఆ గుంతలోకి వీధి మురుగు చేరుతుంది. సరఫరా ఆగగానే ఆ మురుగునే ఖాళీ పైపు లోపలికి లాక్కుంటుంది. మర్నాడు అదే పైపులో వచ్చిన నీళ్లను పిల్లలకు తాగిస్తారు. పై వీధుల్లో కొందరు లైనుకే మోటార్లు బిగించుకున్న మాట నిజమే గానీ, వాళ్లను తిట్టి ప్రయోజనం లేదు, ట్యాంకే నిండనప్పుడు ఎవరి ఆత్రం వారిది.

ట్యాంకు ఎందుకు నిండదు? ఉన్న రెండు మోటార్లలో ఒకటి కాలిపోయి, వైండింగ్‌కు డబ్బుల్లేక నెలల తరబడి షెడ్డులోనే పడి ఉంది. వాల్వులు తిప్పే ఆపరేటరుకు జీతం నాలుగు నెలలుగా అందలేదు, పూట గడవడానికి అతను కూలిపనికి పోయిన రోజున నీళ్లు వదిలేవారే ఉండరు. పైపులు వేయడానికి, ట్యాంకు కట్టడానికి కేంద్రం, రాష్ట్రం సగం సగం పెట్టుకున్నాయి. కట్టిన తరవాత కరెంటు బిల్లు, బ్లీచింగ్ పౌడరు, మరమ్మతులు, జీతాలు మాత్రం చాలావరకు పంచాయతీ నెత్తిన పడ్డాయి. కేంద్ర నిధుల పంపకాన్ని సిఫారసు చేసే పదిహేనవ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పంచాయతీలకు సూచించిన గ్రాంట్లలో 60 శాతాన్ని తాగునీటికి, పారిశుద్ధ్యానికే ప్రత్యేకించడం మంచి నిర్ణయమే, కానీ సొంత ఆదాయం అంతంతమాత్రంగా ఉన్న ఊళ్లలో ఆ వాటా పాత విద్యుత్ బకాయిలకే చాలలేదు.

కట్టే పనులకైనా డబ్బు సక్రమంగా వస్తోందా అంటే అదీ లేదు. మిషన్‌కు 2024-25 బడ్జెట్‌లో 70 వేల కోట్ల రూపాయలకు పైగా కేటాయించి, సవరించిన అంచనాల్లో 22,694 కోట్లకు కుదించారు. పథకాన్ని 2028 వరకు పొడిగిస్తామని, నిర్వహణపై దృష్టి పెడతామని 2025 ఫిబ్రవరి బడ్జెట్ ప్రసంగంలో చెప్పారు. గడువు పెంచి నిధులు ఆపేస్తే సగంలో ఆగిన పనులు మరింత పాడవుతాయి. పైపుల కోసం తవ్వి వదిలేసిన సిమెంటు రోడ్డు మీద నడిచే ఊరివాళ్లకు ఆ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు.

అన్ని ఊళ్లకూ ఒకే కొలమానం పెట్టడం ఇంకో పొరపాటు. నల్లగొండ, ప్రకాశం జిల్లాల ఫ్లోరైడ్ ప్రాంతాల్లో భూగర్భ జలంలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితిని దాటిన చోట, ఊళ్లోనే బోరు వేసి కుళాయి ఇస్తే ఆ విషాన్నే ఇంటింటికీ పంచినట్టవుతుంది. అక్కడ నది నీటిని దూరం నుంచి తెచ్చి, శుద్ధి చేసి, ఎత్తిపోయాలి. ఆ ఖర్చు ఏ ఒక్క పంచాయతీ మోయగలిగేది కాదు, ఎప్పటికీ ప్రభుత్వమే మోయాలి.

నీటి పన్ను వసూలు చేసుకోమని సలహా ఇచ్చేవారున్నారు. నేను దానికి వ్యతిరేకిని కాను. రోజూ పద్దెనిమిది బిందెలు నిండే ఇంటివాళ్లు నెలనెలా కట్టడానికి వెనకాడరని నా నమ్మకం. కానీ గుంతలో బిందె దించుకునే ఇంటికి పన్ను రసీదు పట్టుకుని వెళ్లమంటే ఏ వార్డు సభ్యుడికీ మొహం చెల్లదు. ముందు నీళ్లు రావాలి.

అందువల్ల రెండు ప్రభుత్వాలనూ కోరేది ఇది. పథకాల నిర్వహణకు ఏటా విడిగా నిధి కేటాయించి, దాన్ని ఇతర బకాయిల కింద సర్దుబాటు చేయకుండా, ఏప్రిల్‌లోనే గ్రామ నీటి, పారిశుద్ధ్య కమిటీ ఖాతాకు జమ చేయాలి. ఆ కమిటీలో సగం మంది మహిళలు ఉండాలన్న నిబంధనను పాటించి, జమాఖర్చులను గ్రామసభలో చదివి వినిపించాలి. కనెక్షన్ల సంఖ్యతో పాటు, ఊరి చివరి ఇంటికి ఎన్ని రోజులు, ఎన్ని లీటర్లు అందాయో కూడా నెలనెలా ప్రకటించాలి. ఎండాకాలం మొదలయ్యేలోగా, షెడ్డుల్లో పడి ఉన్న మోటార్లకు మరమ్మతు చేయించి, ఆపరేటర్ల జీతం బకాయిలు తీర్చాలని మనవి.

ఇట్లు,
ఒక మాజీ వార్డు సభ్యుడు